రెండు మందులు కలిసిన ముక్కు స్ప్రే: చేదు గొంతులోకి దిగుతోంది, ఎలా కొట్టాలి?

తిరుచానూరు రోడ్డు:
పొద్దున లేవగానే వరుస తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్ల దురద. డాక్టరు అజెలాస్టిన్, ఫ్లూటికాసోన్ కలిసిన స్ప్రే రాశారు, రెండు పూటలా ఒక్కో రంధ్రంలో ఒక్కోసారి. నాలుగు రోజులైంది. కొట్టిన ప్రతిసారీ గొంతంతా చేదు. నిన్న చీదితే రక్తపు చార కనిపించింది. ఇంట్లో ఉన్న ముక్కు దిబ్బడ స్ప్రే జైలోమెటాజోలిన్ కొడితే మాత్రం ముక్కు వెంటనే తెరుచుకుంటోంది. దానికే మారిపోవచ్చా? మామిడి పూత రాలిపోతే అదే తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

మందుల కౌంటర్:
చేదు అజెలాస్టిన్‌ది. అది నాలుక మీదికి వస్తోందంటే తల వెనక్కి వాల్చి కొడుతున్నారని, లేదా కొట్టగానే గట్టిగా ఎగపీలుస్తున్నారని అర్థం. ముందు ముక్కు చీదేయండి. సీసా మెల్లగా కుదపండి. తల కొంచెం ముందుకు వంచి, కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో కొట్టండి. చేయి మారిస్తే మొన దానంతటదే చెవి వైపు తిరుగుతుంది. రక్తపు చారకు కారణం కూడా ఇక్కడే ఉంది: అదే చేత్తో అదే వైపు కొడితే మందంతా నడిమి గోడకే తగులుతుంది, అక్కడి పొర చాలా పలుచన. పూల వాసన చూసినంత మెల్లగా పీల్చి, నోటితో గాలి వదలండి. గొంతులోకి దిగితే మింగకుండా ఉమ్మేయండి.

కొత్త సీసా అయితే సన్నని తుంపర వచ్చేదాకా గాల్లోకి కొట్టాలి, ఎన్నిసార్లన్నది లోపలి కాగితంలో ఉంటుంది. రోజుకు నాలుగు కొట్టుళ్లు కాబట్టి 120 డోసుల సీసా సరిగ్గా 30 రోజులు. ఆ తర్వాత అడుగున మందు కదులుతున్నా పారేయండి, డోసు సరిగా రాదు.

రక్తం మళ్లీ కనిపిస్తే ఆపి డాక్టరుకు చూపించండి. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), శుక్లాలు ఉంటే ముందే చెప్పాలి.

ముక్కు సంగతులు:
జైలోమెటాజోలిన్‌కు మాత్రం మారొద్దండి. అది వాపెక్కిన రక్తనాళాలను బిగిస్తుంది, అంతే, అలర్జీని తాకదు. ఐదు రోజులు దాటితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు ముందుకంటే గట్టిగా మూసుకుపోతుంది, మళ్లీ కొట్టాల్సి వస్తుంది. ఆ చక్రంలో నెలల తరబడి ఇరుక్కునేవాళ్లున్నారు.

మీ స్ప్రేలో అజెలాస్టిన్ అరగంటలోపే తుమ్ములు, దురద తగ్గించడం మొదలుపెడుతుంది. ఫ్లూటికాసోన్ స్టెరాయిడ్, వాపు తగ్గిస్తుంది, కానీ పూర్తి ఫలితానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు. నాలుగు రోజులకే తీర్పు చెప్పకండి. ముక్కు బాగున్న రోజు మానేయడం కూడా తప్పే.

తోటల పక్క:
మామిడి పుప్పొడి జిగటగా ఉంటుంది, ఈగలు మోస్తేనే కదులుతుంది. తోటలోనే పనిచేసేవాళ్ల సంగతి వేరు, ఊళ్లో ఉన్నవాళ్ల తుమ్ములకు దాన్నే తిట్టడం అన్యాయం. ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ, చెరువు గట్ల మీద సర్కారు తుమ్మ, గడ్డి పూత, వీటిని ముందు అనుమానించండి. పొద్దున లేవగానే ఎక్కువైతే పరుపులోని దుమ్ము పురుగులు కూడా కావచ్చు: దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతకండి. ఏదన్నది తేల్చుకోవాలంటే చర్మ పరీక్ష ఉంది.

ఉప్పునీళ్లతో కడిగేటట్టయితే, కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అయోడిన్ లేని ఉప్పు అర టీస్పూను. కుళాయి నీళ్లు నేరుగా వద్దు. కడిగిన పది నిమిషాలకు స్ప్రే కొట్టండి, ముందు కొడితే మందు కొట్టుకుపోతుంది.

తిరుచానూరు రోడ్డు:
చెయ్యి మార్చాలని ఎవరూ చెప్పలేదండీ. రాత్రి అలర్జీ మాత్ర సిటిరిజిన్ కూడా వేసుకోవచ్చా?

మందుల కౌంటర్:
అజెలాస్టిన్ కూడా సిటిరిజిన్ జాతి మందే (యాంటీహిస్టమిన్), మత్తు తోడవుతుంది. డాక్టరును అడగకుండా కలపొద్దు. స్ప్రే కొట్టాక మత్తుగా అనిపిస్తే బండి నడపకండి, ముఖ్యంగా ఘాట్ రోడ్డు మీద.