నార్సిసిజం (తనను తాను అతిగా గొప్పగా భావించుకునే స్వభావం) ఒకే మనిషిలో రోజుకో తీరుగా కనిపిస్తే దాన్ని వ్యక్తిత్వ లక్షణం అనవచ్చునా?

ప్రశ్న:
నాతో కలిసి పనిచేసే ఒకరి ప్రవర్తన గురించి అడుగుతున్నాను. తన నివేదికను పై అధికారి మెచ్చుకున్న రోజున ఆయన సమావేశంలో ఎవరినీ మాట పూర్తి చేయనివ్వరు, ఇతరులు చేసిన పనిని సైతం తన ఖాతాలో వేసుకుంటారు. అదే మనిషి, ఫలానా లెక్క ఒకసారి సరిచూడమని ఎవరైనా అడిగితే ముఖం ముడుచుకుని సాయంత్రం దాకా మౌనంగా ఉంటారు, మర్నాటి నుంచి ఆ అడిగినవారి పనిలో తప్పులు వెదకడం మొదలుపెడతారు. లక్షణమంటే స్థిరంగా ఉండేది కదా. ఇంతగా మారేది లక్షణమేనా, లేక అవసరాన్ని బట్టి వేసే వేషమా?

మొదటి సమాధానం:
స్థిరంగా ఉండేది సగటు మాత్రమే. మనిషి ప్రవర్తన గంటగంటకూ ఎంతో మారుతున్నా, ఒక వారపు సగటుకూ మరో వారపు సగటుకూ పెద్దగా తేడా ఉండదని మనస్తత్వ శాస్త్రవేత్త విలియం ఫ్లీసన్ 2001లోనే చూపారు. నార్సిసిజాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళిలో 40 జతల వాక్యాలు ఉంటాయి, ప్రతి జతలో తనకు నప్పేదాన్ని ఎంచుకోవాలి. అది సాధారణంగా మీరెలాంటివారని అడుగుతుందే తప్ప ఈ రోజు ఎలా ఉన్నారని అడగదు కాబట్టి, మీరు చెబుతున్న హెచ్చుతగ్గులు అందులో కనిపించవు. ఆ లోటు తీర్చడానికి జియాకోమిన్, జోర్డన్ అనే పరిశోధకులు 10 రోజులపాటు రోజువారీగా సమాధానాలు సేకరించారు. ఇతరులపై తమ మాట చెల్లిన రోజుల్లో వారిలో నార్సిసిజం పెరిగింది, ఒత్తిడి ఎక్కువైన రోజుల్లో తగ్గింది. ఎదుటివారి సమస్య తీర్చడంలో సాయపడిన రోజుల్లో కూడా అది పెరగడం నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచింది.

రెండవ సమాధానం:
పై సమాధానం పెరగడం, తరగడం గురించి చెప్పింది, కానీ మీ సహోద్యోగిలో రూపమే మారుతోంది. నార్సిసిజంలో తానే గొప్ప అనుకునే ముఖం ఒకటి, చిన్న మాటకే గాయపడి ముడుచుకుపోయే ముఖం మరొకటి ఉన్నాయని చాలాకాలంగా అంటున్నారు. ఎడర్‌షైల్, రైట్ 2021లో ప్రచురించిన పరిశోధనలో, రోజులో పలుమార్లు అడిగి చూసినప్పుడు, గొప్ప అనుకునే స్వభావం బలంగా ఉన్నవారు ఈ రెండు స్థితుల మధ్య ఊగిసలాడుతుంటారని తేలింది. ఎప్పుడూ గాయపడే స్వభావం ఉన్నవారు మాత్రం ఆ గొప్పతనపు అనుభూతిని అరుదుగానే పొందుతారు, అంటే ఊగిసలాట రెండు వైపులా సమానం కాదు. తప్పులు వెదకడాన్ని మిత్యా బ్యాక్ బృందం 2013లో ప్రతిపాదించిన నమూనా బాగా వివరిస్తుంది. మెప్పు దొరికినంతసేపు మనిషి ఆకర్షణీయంగా మెలుగుతాడు, తన స్థాయికి ముప్పు వచ్చిందనిపించగానే ఎదుటివారిని తగ్గించడానికి పూనుకుంటాడు. వేషమనడానికి నాకు మనసు ఒప్పదు, ఎందుకంటే వేషం వేసేవాడు సాయంత్రం దాకా బాధపడుతూ కూర్చోడు.

ప్రశ్న అడిగినవారు:
అయితే దీన్ని మానసిక రుగ్మత అనుకోవచ్చునా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
అనుకోకూడదు. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం, నార్సిసిస్టిక్ వ్యక్తిత్వ రుగ్మత అనాలంటే 9 ప్రమాణాలలో కనీసం 5 ఉండాలి, అవి యౌవనం తొలిదశ నుంచే జీవితంలోని అనేక సందర్భాలలో కనిపించాలి, పైగా ఆ నిర్ణయం చేయవలసింది నిపుణులు. మీరు చూస్తున్నది ఆఫీసులోని మనిషిని మాత్రమే. ఒకటి అడుగుతాను: ఆ లెక్క సంగతి ఆయనకు విడిగా చెప్పారా, నలుగురిలో చెప్పారా?

ప్రశ్న అడిగినవారు:
నలుగురిలోనే, పై అధికారి ఎదుట. పోయిన నెల మరో తప్పును విడిగా చెప్పినప్పుడు మాత్రం ఆయన మారుమాట లేకుండా దిద్దుకున్నారు.