అప్‌డేట్: కూకట్‌పల్లి డాబా మీద నుంచి ఓరియన్ నెబ్యులా

ట్రాకర్ (నక్షత్రాల కదలికకు తగ్గట్టు కెమెరాను తిప్పే పరికరం) లేకుండా, పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సరున్న) డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్‌లతో హైదరాబాదు నగరం నడిబొడ్డు నుంచి ఓరియన్ నక్షత్రరాశిలోని వాయు, ధూళి మేఘమైన ఓరియన్ నెబ్యులాను ఫొటో తీయగలనా అని ఇంతకుముందు అడిగాను. ఒక్కో చిత్రం ఎక్స్‌పోజర్ (వెలుతురు సేకరించే సమయం) పెంచకుండా చిత్రాల సంఖ్య పెంచమని మీలో చాలామంది సలహా ఇచ్చారు. ఆ సలహా ఫలించిందని ఎంతో సంతోషంగా తెలియజేస్తున్నాను.

ఓరియన్ ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే రేఖకు) దగ్గరగా ఉండటం వల్ల అక్కడి నక్షత్రాలు ఫ్రేములో వేగంగా జరుగుతాయి. నక్షత్రాలు సాగకుండా ఎన్ని సెకన్లు తీయవచ్చో లెన్సును బట్టి అంచనా వేసే 500 సూత్రం ప్రకారం దాదాపు 6 సెకన్లు అనుమతించినా, పెద్దది చేసి చూస్తే చుక్కలు గీతలుగా సాగాయి కనుక 2 సెకన్లకే స్థిరపడ్డాను. అలా తీసిన 300 చిత్రాలను, సెన్సర్ లోపాలను తీసివేయడానికి లెన్సు మూత పెట్టి తీసిన డార్క్ ఫ్రేములతో సహా డీప్‌స్కైస్టాకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే 10 నిమిషాల వెలుతురు పోగైంది. విడి చిత్రంలో నారింజ రంగు ఆకాశం తప్ప దాదాపు ఏమీ కనిపించదు. కలిపిన తరువాత మాత్రం, నడుముపట్టీలోని మూడు నక్షత్రాల దిగువన, రెక్క విప్పినట్టున్న గులాబీ రంగు మేఘం స్పష్టంగా తేలింది.

ఫోకస్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. లైవ్ వ్యూలో (కెమెరా తెరపై) ఓరియన్‌లోని ప్రకాశవంతమైన రైజెల్ నక్షత్రాన్ని 10 రెట్లు పెద్దది చేసి, అది అతి చిన్న చుక్కగా మారేవరకు ఫోకస్ రింగు తిప్పి, అది కదలకుండా వెంటనే టేపు అంటించడం అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది.

కాంతి కాలుష్య ఫిల్టరు కొనడం మానుకున్నాను. సోడియం దీపాల వెలుగు కొన్ని తరంగదైర్ఘ్యాలకే పరిమితం కాబట్టి దాన్ని ఆపవచ్చు గాని, మా వీధిలోని తెల్లని ఎల్‌ఈడీల వెలుగు వర్ణపటమంతా పరుచుకుంటుంది. చిత్రాల సంఖ్య నాలుగింతలైతే నాయిస్ (చిత్రంలోని గరుకుదనం) సగానికి తగ్గుతుంది కనుక, ముందుగా 1,200 చిత్రాలు తీసి చూస్తాను.