120 మినిట్స్ పాత ఎపిసోడ్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

రాత్రిపక్షి: అప్పట్లో ఆదివారం అర్ధరాత్రి అమెరికా ఎంటీవీలో వచ్చిన ఆల్టర్నేటివ్ (హిట్ల దారికి పక్కగా ఉండే రాక్) పాటల వీడియో షో 120 మినిట్స్ రికార్డ్ చేసుకున్నవాళ్ళు ఉన్నారా? ఎం.ఎస్. రోజుల్లో వదలకుండా చూసేవాణ్ణి. డేవ్ కెండాల్ యాంకర్‌గా ఉన్నప్పటివి కావాలి. అన్నట్టు కెండాల్ మేలా, తర్వాతి యాంకర్ మ్యాట్ పిన్‌ఫీల్డ్ మేలా?

డల్లాస్_బాబాయ్: సోమవారం పొద్దున్నే ల్యాబ్ ఉండేది. అందుకే టీ-120 వీడియో క్యాసెట్ పెట్టి పడుకునేవాణ్ణి. ఎస్పీ మోడ్‌లో (మామూలు వేగంలో) సరిగ్గా రెండు గంటలు. 1991 సెప్టెంబర్ 29న నిర్వాణ బ్యాండ్ 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' వీడియో మొదటిసారి వేసింది ఈ షోలోనే. ఆ రాత్రి మా రూమ్మేట్ ఇండియన్ స్టోర్లో అద్దెకు తెచ్చిన సినిమా వీసీఆర్‌లో నడుస్తోంది. వాడితో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడను.

బెజవాడ_బాసిస్ట్: ఎప్పుడూ నిర్వాణేనా? ఆర్.ఇ.ఎం. బ్యాండ్ పాట 'లూజింగ్ మై రిలిజియన్' ఎవరికీ గుర్తు రాదేం? 1991లో ఎంటీవీ వీడియో ఆఫ్ ది ఇయర్. డైరెక్టర్ తార్సెమ్ సింగ్, మనవాడు.

పాతక్యాసెట్: మనవాడేంటి, జలంధర్‌లో పుట్టిన పంజాబీ. పైగా ఆ పాట పగలంతా తిప్పారు. పగలు వేసేది ఆల్టర్నేటివ్ ఎలా అవుతుంది?

బెజవాడ_బాసిస్ట్: అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో 1980లో మొదలై, కాలేజీ రేడియోల మీద పెరిగిన బ్యాండ్ అది. హిట్టు కొడితే వెలివేస్తారా? పదిహేనేళ్ళు బాస్ వాయించాను, నాకు నేర్పకండి.

పాతక్యాసెట్: ఆ పాటను నిలబెట్టింది మాండొలిన్ సార్. బాస్ కాదు.

సింధు_74: మాండొలిన్ అంటే మన పాలకొల్లు శ్రీనివాస్ గారిదే. చిన్నప్పుడు కచేరీ విన్నాను, ఆ చేతి వేగం ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

డల్లాస్_బాబాయ్: అమ్మా, ఇక్కడ మాట్లాడుకుంటున్నది వేరే.

సింధు_74: తెలుసండీ. 120 మినిట్స్‌ని 2000లో ఎంటీవీ తీసేశాక, వాళ్ళదే ఇంకో ఛానెల్ ఎంటీవీ2లో 2003 దాకా నడిచింది. అప్పటి ఆఖరి ఎపిసోడ్‌కి కెండాల్, పిన్‌ఫీల్డ్ ఇద్దరూ వచ్చారు. అందులో ఆఖరి వీడియో సూజీ అండ్ ది బాన్షీస్ బ్యాండ్ 'కిస్ దెమ్ ఫర్ మీ'. ఆ పాటలో తబలా తాల్విన్ సింగ్‌ది. ఇంకేమైనా చెప్పాలా?

పాతక్యాసెట్: ఇంకో సింగ్! బాసిస్ట్ గారూ, పండగ చేసుకోండి.

బెజవాడ_బాసిస్ట్: నోరు అదుపులో పెట్టుకో.

వైజాగ్_వీసీఆర్: క్యాసెట్లు అడిగితే ఈ గొడవేంటి? వినండి. అమెరికా క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ అనే టీవీ పద్ధతిలో ఉంటాయి. ఇక్కడి పద్ధతి పాల్, మామూలు పాల్ వీసీఆర్‌లో వేస్తే రంగు పోయి బొమ్మ దొర్లుతుంది. రెండూ ఆడే మల్టీసిస్టమ్ వీసీఆర్ ఉండాలి. ముందు బూజు చూసుకోండి. బూజు పట్టినది ఒక్కటి వేస్తే వీసీఆర్‌లో టేపు చదివే హెడ్ పాడై, తర్వాత వేసినవాటికీ అంటుకుంటుంది. సముద్రం గాలికి నావి పదకొండు పోయాయి. మిగిలిన ఒక్కటీ డిజిటల్ చేయమని షాపులో ఇస్తే పెన్‌డ్రైవ్‌లో ఎవరిదో గృహప్రవేశం వచ్చింది.

రాత్రిపక్షి: అయ్యో! మరి అసలు క్యాసెట్?

వైజాగ్_వీసీఆర్: షాపు మూసేశారు.

డల్లాస్_బాబాయ్: ఆ గృహప్రవేశం ఎవరిదో తెలిసిందా?

వైజాగ్_వీసీఆర్: లేదు. భోజనాల దాకా చూశాను.