డీప్ పాస్‌లో మేటి క్వార్టర్‌బ్యాక్ ఎవరు? చేతి బలమా, బంతి దిగే తీరా?

సియాటిల్ పక్షం:

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆట మొదలైన గీత నుంచి బంతి గాలిలోనే 20 గజాలు, అంతకు మించి వెళితే దాన్ని డీప్ పాస్‌గా లెక్కిస్తారు. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, పరుగెత్తి అందుకునేవాడు రిసీవర్. ఆ కొలతతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి మాటతోనే. ఈ పాస్‌ను ఎవరు బాగా వేస్తారని అడిగిన ప్రతిసారీ చర్చ చేతి బలం వైపు మళ్లుతుంది. ఫలానావాడు 60 గజాలు విసురుతాడని ఒకరంటే, ఫలానావాడు 70 విసురుతాడని మరొకరు అంటారు. దూరం విసరగలగడం ఒక అర్హత మాత్రమే. రిసీవర్ ఒక్క అడుగు కూడా తగ్గించుకోకుండా, మెడ పూర్తిగా వెనక్కు తిప్పకుండా, పరుగెడుతున్న వేగంతోనే అందుకునేలా బంతిని దించగలవాడే నా దృష్టిలో మేటి.

ఆ లెక్కన నా ఓటు రసెల్ విల్సన్‌కు, అదీ 2012 నుంచి 2021 దాకా సియాటిల్ సీహాక్స్‌లో ఆడిన విల్సన్‌కు. ఆరడుగులు కూడా లేని మనిషి. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్ దాకా ఏ జట్టూ తీసుకోలేదు. అతని డీప్ పాస్‌కు అభిమానులు పెట్టుకున్న పేరు మూన్ బాల్. చేతి నుంచి వదిలినప్పుడు ఇంత ఎత్తుకు ఎందుకు విసిరాడా అనిపిస్తుంది. పైకి పోయిన ఆ బంతి ముక్కు కిందికి వాల్చి, రిసీవర్ భుజం మీదుగా, అతని ఛాతీకి ముందు పక్కన దిగుతుంది. రిసీవర్‌ను కాచుకుంటూ వెంట పరుగెత్తే డిఫెండర్‌కు, అంటే కార్నర్‌బ్యాక్‌కు, బంతి కనబడదు. రిసీవర్ కళ్లు పెద్దవి కావడం, చేతులు లేవడం మాత్రమే కనబడతాయి. అతను చేయి లేపేసరికి రిసీవర్ ఒళ్లే మధ్యలో అడ్డుగోడగా ఉంటుంది. టైలర్ లాకెట్‌తో కలిసి ఈ పాస్‌ను ఏళ్ల తరబడి వేసి చూపించాడు.

గుండె నిబ్బరం సంగతి కూడా చెప్పాలి. 2015 జనవరి 18న గ్రీన్ బే ప్యాకర్స్‌తో జరిగిన ఎన్‌ఎఫ్‌సీ టైటిల్ మ్యాచ్‌లో (సూపర్ బౌల్ అనే లీగ్ ఫైనల్‌కు ముందరి మెట్టు) సియాటిల్ సగం ఆటకు 16-0తో వెనకబడింది. విల్సన్ ఆ రోజు నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే నాలుగుసార్లు బంతి ఎదుటివారి చేతుల్లో పడింది; ఆ నాలుగూ జర్మేన్ కియర్స్‌కు వేసిన బంతులే. అయినా అదనపు సమయంలో డగ్ బాల్డ్విన్‌కు 35 గజాల పాస్ వేసి, వెంటనే వెనుక సేఫ్టీ (చివరి వరుసలో కాపలా కాసే డిఫెండర్) లేడని చూసి, మళ్లీ ఆ కియర్స్‌కే మరో 35 గజాల పాస్ వేశాడు. గ్రీన్ బే డిఫెండర్ ట్రమాన్ విలియమ్స్ కియర్స్‌ను అంటిపెట్టుకుని ఉండగానే బంతి చేతుల్లో పడింది. సియాటిల్ 28-22తో గెలిచింది.

గ్రీన్ బే పక్షం:

ఆ మ్యాచ్‌ను మీరు గుర్తు చేయకపోయినా నేను మరచిపోలేను. రిసీవర్ పరుగు ఆగకూడదన్న మీ కొలత మంచిదే. కానీ అది క్వార్టర్‌బ్యాక్ పాకెట్‌లో, అంటే తన వాళ్లు చుట్టూ కాపు కాసే చోట, నిలదొక్కుకుని, రెండు కాళ్లూ నేల మీద ఆనించి విసిరే పాస్‌కు మాత్రమే సరిపోతుంది. ఆట అన్నివేళలా ఆ వెసులుబాటు ఇవ్వదు. కాళ్ల కింద ఆధారం లేనప్పుడు ఎవరు వేయగలరన్నదీ చూడాలి, అక్కడ గ్రీన్ బేలో ఆడిన ఆరన్ రాడ్జర్స్‌కు సాటి వచ్చేవారు నాకు కనబడరు.

2017 జనవరి 15న డాలస్ కౌబాయ్స్‌తో మ్యాచ్‌కు ఆర్లింగ్టన్ స్టేడియంలో నేనున్నాను. ఇర్వింగ్ నుంచి మా బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయన కౌబాయ్స్ మనిషి. స్కోరు 31-31. మిగిలింది 12 సెకన్లు, మూడో డౌన్ (నిర్ణీత గజాలు సాధించడానికి జట్టుకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), కావలసినది 20 గజాలు. రాడ్జర్స్ ఎడమ వైపు పరుగెత్తాడు. కుడిచేతివాడు ఎడమకు పరుగెత్తుతూ విసరాలంటే నడుము ఒక వైపు పోతుంటే భుజాలను వేరొక వైపు తిప్పాలి, అందుకే ఎవరైనా ఒక్క క్షణం ఆగి కాలు ఊని విసురుతారు. ఆయన ఆగలేదు. బంతి 36 గజాల అవతల జారెడ్ కుక్‌ను గీత పక్కన కలిసింది. అతని శరీరమంతా గీత బయటికి వాలిపోతుంటే రెండు కాలివేళ్లు మాత్రం లోపల పచ్చిక మీద ఉన్నాయి. అధికారులు మాట్లాడుకుని క్యాచ్ అని తేల్చేదాకా మా వరుసలో ఒక్కరూ కూర్చోలేదు. ఆ తర్వాత మేసన్ క్రాస్బీ 51 గజాల కిక్‌తో ఆట ముగించాడు, 34-31.

అంతకు ముందు, 2015 డిసెంబర్ 3న డెట్రాయిట్‌లో, గడియారం సున్నాకు వచ్చాక పెనాల్టీ పుణ్యాన దొరికిన ఒక్క ఆటలో ఆరన్ తన జట్టువాడే అయిన రిచర్డ్ రాడ్జర్స్‌కు 61 గజాల పాస్ వేసి 27-23తో గెలిపించాడు. ఎత్తే కొలత అనుకుంటే, ఆ బంతి స్టేడియం పైకప్పు దూలాలకు తగులుతుందేమో అన్నంత ఎత్తుకు లేచింది.

కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు కనుక నేనే చెబుతున్నాను. 2020 ఫిబ్రవరి 2న మయామీలో జరిగిన సూపర్ బౌల్‌లో, 20-10తో వెనకబడి, మూడో డౌన్‌లో 15 గజాలు కావలసి వచ్చినప్పుడు టైరీక్ హిల్‌కు వేసిన 44 గజాల పాస్ ఆ రాత్రిని తిప్పేసింది. మీదికి దూసుకొస్తున్న డిఫెండర్లకు వెనకడుగు వేస్తూ వేసిన ఆ బంతి గాలిలో 50 గజాలకు పైగా ప్రయాణించింది. ఆ ధైర్యానికి నమస్కారం. కానీ హిల్ చుట్టూ ఆ క్షణాన ఎవరూ లేరు. ఆర్లింగ్టన్‌లో కుక్‌కు దొరికిన చోటు రెండు కాలివేళ్లంత.

స్టీలర్స్ పాత అభిమాని:

ఇద్దరూ బాగా రాశారు, అయితే ఇద్దరి మాటలూ 2012 నుంచే మొదలవుతున్నాయి. 1978లో వచ్చిన నిబంధన ప్రకారం 5 గజాలు దాటాక రిసీవర్ మీద డిఫెండర్ చేయి వేయకూడదు. 1970ల మొదట్లోనైతే, బంతి చేతి నుంచి వెళ్లేదాకా, దారి పొడవునా రిసీవర్‌ను గుద్దుతూ, నెడుతూ వెళ్లవచ్చు. ఆ రోజుల్లో రిసీవర్ ఏ క్షణాన ఎక్కడ ఉంటాడో క్వార్టర్‌బ్యాక్‌కు రూఢిగా తెలియదు. అలాంటి కాలంలో న్యూయార్క్ జెట్స్ క్వార్టర్‌బ్యాక్ జో నేమత్ 1972 సెప్టెంబర్ 24న బాల్టిమోర్ కోల్ట్స్ మీద 28 బంతులు విసిరితే 15 అందాయి. ఆ 15కే 496 గజాలు, 6 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించి తెచ్చే స్కోరు). అందిన ప్రతి బంతికీ సగటున 33 గజాలు! నేడు చిన్న పాస్‌ల మీద నడిచే ఆటలో ఈ లెక్కను ఊహించడం కూడా కష్టం.

మా పిట్స్‌బర్గ్ స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బ్రాడ్‌షా స్కూలు రోజుల్లో జావెలిన్‌లో జాతీయ రికార్డు కొట్టినవాడు. 1976 జనవరిలో డాలస్ మీద సూపర్ బౌల్‌లో, బంతి వదిలిన మరుక్షణమే ల్యారీ కోల్ దెబ్బకు నేలకూలాడు. ఆ బంతి 64 గజాల టచ్‌డౌన్‌గా లిన్ స్వాన్ చేతుల్లో పడింది. అది అందిన సంగతి బ్రాడ్‌షాకు డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరో చెబితే గానీ తెలియలేదు. దెబ్బ తగులుతుందని తెలిసీ చివరిదాకా చేయి పూర్తిగా తిప్పడం, ఆ కాలపు డీప్ పాస్‌లో సగం పని.

సియాటిల్ పక్షం:

పెద్దాయనకు ముందుగా జవాబు చెబుతాను. నిబంధన గురించి మీరన్నది అక్షరాలా నిజం. ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ ఒకే తూకంలో వేయకూడదు. బంతిలో చిప్ పెట్టి వేగం, దూరం కొలవడం 2017 నుంచే కనుక, పాతవారి బంతి ఎంత వంపు తిరిగిందో చెప్పే లెక్క కూడా మన చేతిలో లేదు. నేను నా ప్రశ్నను 1978 తర్వాతి వారికి పరిమితం చేసుకుంటాను, నేమత్‌ను మీకే వదిలేస్తాను.

గ్రీన్ బే మిత్రులకు చెప్పేది ఇది. రిసీవర్ ఎవరన్నది లెక్కలోంచి తీసేయకుండా క్వార్టర్‌బ్యాక్‌ను తూచలేం. టామ్ బ్రేడీ 2006లో 24 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 2007లో రిసీవర్ ర్యాండీ మాస్ వచ్చాడు. ఆ ఏడాది 50, అందులో మాస్‌కే 23. ఆ ఏడాదిలో బ్రేడీ చేయి మారలేదు, అవతలి కొసన ఉన్న మనిషి మారాడు. 1998లో మిన్నెసోటాలో ర్యాండాల్ కన్నింగ్‌హామ్‌కు కూడా ఆ మాసే తోడు దొరికాడు. ఎత్తు, వేగం రెండూ ఉన్న మాస్ లాంటివాడికి బంతి కాస్త పక్కకు పోయినా అందుతుంది. మరి బాల్డ్విన్, కియర్స్ ఇద్దరూ డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివారు. లాకెట్ పొట్టివాడు, గాలిలోకి ఎగిరి ఎవరి మీంచీ లాక్కోలేడు. వాళ్లకు బంతి సరిగ్గా చేరవలసిందే, వేరే దారి లేదు. విల్సన్ అలా చేర్చాడు.

జాష్ అలెన్ చేయి నేటి ఆటగాళ్లలో బహుశా అన్నిటికంటే గట్టిది. 2022 జనవరిలో కాన్సాస్ సిటీలో గేబ్ డేవిస్‌కు వేసిన 75 గజాల టచ్‌డౌన్ చూసినవారెవరూ కాదనరు. కానీ అలెన్ బంతి తూటాలా వెళుతుంది. తూటా సేఫ్టీ కంటే ముందు చేరుతుంది, నిజమే. పరుగెత్తే రిసీవర్‌కు దాన్ని సర్దుకుని పట్టుకునే సమయం మాత్రం మిగలదు.

గ్రీన్ బే పక్షం:

రిసీవర్ల మాట ఒప్పుకుంటాను, కానీ అదే న్యాయం విల్సన్‌కూ వర్తించాలి. ఆయన వెనుక బంతి పట్టుకుని పరుగెత్తే మార్షాన్ లించ్ ఉన్నాడు. బంతి లించ్‌కు ఇస్తున్నట్టు చూపించగానే సేఫ్టీలు రెండడుగులు ముందుకు వచ్చేవారు, ఆ వెనుక ఖాళీలోకే మూన్ బాల్ దిగేది. విల్సన్ 2022లో డెన్వర్ వెళ్లాక ఆ ఏడాదంతా కలిపి 16 టచ్‌డౌన్ పాస్‌లే. ఎత్తుకు విసరడంలో ఇంకో ముప్పు కూడా ఉంది: బంతి గాలిలో ఎంతసేపు ఉంటే సేఫ్టీకి అంత సమయం. 2013 జనవరి 12న డెన్వర్‌లో జో ఫ్లాకో ఎత్తుగా వేసిన 70 గజాల టచ్‌డౌన్ జకోబీ జోన్స్‌కు అందింది. అయితే ఆ బంతి దగ్గరికి డెన్వర్ సేఫ్టీ రహీం మూర్ ముందే చేరుకున్నాడు. ఎక్కడ దిగుతుందో అంచనా తప్పాడు కనుక అది అద్భుతమైంది, తప్పకపోయి ఉంటే అది ఇంటర్‌సెప్షనే.

సియాటిల్ పక్షం:

మూర్ మాట సరైనదే, దానికి నా దగ్గర ఎదురు లేదు. లించ్ గురించి కూడా ఒప్పుకుంటాను; ఆ సేఫ్టీల రెండడుగుల విలువ నేను తక్కువ చేసి రాశాను. 12 సెకన్లు మిగిలి, పాకెట్ చెదిరిపోయి, 20 గజాలు కావాలంటే బంతిని రాడ్జర్స్ చేతికే ఇస్తాను. కాలు ఊని విసిరే అవకాశం ఉంటే మాత్రం నాకు విల్సనే.

స్టీలర్స్ పాత అభిమాని:

ఒక్క ప్రశ్న అడిగి ఆగుతాను. 2000 జనవరి 30న టెనెసీతో సూపర్ బౌల్‌లో, రెండు నిమిషాల లోపు ఆట మిగిలి స్కోరు 16-16గా ఉండగా, సెయింట్ లూయిస్ క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్ విసురుతున్న క్షణంలోనే టెనెసీ డిఫెండర్ జెవాన్ కియర్స్ వచ్చి కొట్టాడు. బంతి వేయదలచిన చోటికి చేరలేదు, తక్కువలో పడింది. ఐజాక్ బ్రూస్ అది చూసి వేగం తగ్గించి వెనక్కు వచ్చి పట్టుకున్నాడు, డిఫెండర్ ముందుకు పోయాడు, 73 గజాల టచ్‌డౌన్‌తో సెయింట్ లూయిస్ 23-16తో గెలిచింది. రిసీవర్ పరుగు తగ్గకూడదన్న మీ కొలతకు ఆ పాస్ నిలుస్తుందా?

సియాటిల్ పక్షం:

నిలవదు, నిలవనక్కరలేదు కూడా. దెబ్బ తింటూ కూడా బంతిని అంత దూరం పంపడం వార్నర్ ధైర్యం. దాన్ని టచ్‌డౌన్ చేసినవి మాత్రం బ్రూస్ కళ్లు, కాళ్లు. ఆ 73 గజాలను నేను బ్రూస్ పేరు మీదే రాస్తాను.