జూలో కోతి పళ్లికిలిస్తే అది నవ్వినట్టేనా?

పాలకొల్లు_అమ్మ:
మొన్న సెలవుల్లో పిల్లల్ని జూకి తీసుకెళ్లామండి. కోతుల బోను దగ్గర జనం కిటకిట. ఒకాయన కమ్మీల మీద బాదుతున్నాడు, ఇంకొకావిడ వేరుశనక్కాయలు విసురుతోంది, మావాడు పళ్లికిలించి వెక్కిరిస్తే అది కూడా తిరిగి పళ్లు చూపించింది, ఇక అందరం ఒకటే నవ్వు. కానీ మూలన ఇంకోటి గోడవైపు తిరిగి కూర్చుని చేతి మీద వెంట్రుకలు పీక్కుంటూనే ఉంది, మేమున్న అరగంటా అంతే. ఇంటికొచ్చాక అదే గుర్తొస్తోంది. మనం వెళ్లడం వల్ల వాటికి ఇబ్బందా, లేక మా కొబ్బరితోటల్లో కోతుల్లాగా జనం అలవాటైపోయి ఉంటారా?

కాకినాడ_జువాలజీ:
అది నవ్వు కాదు మేడమ్. మన ఊళ్లలో తిరిగే రకం కోతులు పెదాలు వెనక్కి లాగి పళ్లు చూపించాయంటే చాలాసార్లు భయపడి, లొంగిపోతున్నట్టు. కళ్లలోకి గుచ్చి చూడటం మాత్రం బెదిరింపు. మీవాడు ఆ రెండూ ఒకేసారి చేసుంటాడు, పాపం దానికి ఏం అర్థమవుతుంది!
వెంట్రుకలు పీక్కోవడానికి ఒంటరితనం, ఖాళీ బోను, చర్మ రోగం, ఏదైనా కారణం కావొచ్చు, జనం ఒక్కళ్లే అనలేం. అయితే జనం ప్రభావం నిజమే. ఇంగ్లండ్‌లో చెస్టర్ జూలో స్పైడర్ కోతుల మూత్రంలో కార్టిసాల్ (టెన్షన్ హార్మోన్) కొలిస్తే, సందర్శకులు పెరిగేకొద్దీ అదీ పెరిగింది. 2001లో పశువుల గాలికుంటు వ్యాధి వల్ల జూ మూసేశారు కాబట్టి, జనమే లేని రోజులతో పోల్చి చూడగలిగారు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ జూలో గొరిల్లాలకీ జనానికీ మధ్య, మిలిటరీ వాళ్లు కనబడకుండా ఉండటానికి వాడేలాంటి వల కడితే గొరిల్లాల కోపం, పిచ్చిచేష్టలు తగ్గాయి.

అంబాజీపేట_రైతు:
మా తోటలో కోతికి నేను నచ్చకపోతే చెట్టెక్కేస్తుందండీ, పైనుంచి బొండం కూడా వేస్తుంది, ఆయ్. బోనులోది ఎక్కడికి పోతుంది? అలవాటు పడటం వేరు, దిక్కులేక కూర్చోవడం వేరు. మాటల్లో మాట, గోదారికి ఉత్తరాన రీసస్ కోతులు, దక్షిణాన నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టుండే బానెట్ కోతులు అని లెక్క ఉండేది. ఇప్పుడు రీససులు కూడా ఏరు దాటేశాయి, వాటికి జూ టిక్కెట్టు అక్కర్లేదు.

రాజమండ్రి_వంతెన:
జంతువులన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. కొన్ని చింపాంజీలు మనుషుల్ని చూసి హుషారుగా దగ్గరికొస్తాయి. జనం రాకపోతే జూకి డబ్బెక్కడిది?

కాకినాడ_జువాలజీ:
ఒప్పుకుంటాను, జాతిని బట్టి, ఆ కోతి స్వభావాన్ని బట్టి మారుతుంది. నేను జనం వద్దనట్లేదు, గోల వద్దంటున్నా. వాటికి దాక్కునే చోటు ఉండాలి, మనం కాస్త కిందకి వంగి చూసినా వాటి కంగారు తగ్గుతుంది. జంతువుల్ని వేధించడం, తిండి పెట్టడం, గోల చేయడం 1972 వన్యప్రాణి చట్టంలో సెక్షన్ 38జె ప్రకారం నేరం, బోర్డు చదివేవాళ్లెవరూ లేరు గానీ. జలుబుంటే అసలు వెళ్లకండి, మన రోగాలు వాటికి అంటుకుంటాయి.

పాలకొల్లు_అమ్మ:
మావాడికి చదివి వినిపించాను. "అయితే నేనే భయపెట్టానా?" అని అడిగి చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి బడి ఉన్న రోజున ఒక పూట మానిపించి, పొద్దున్నే తీసుకెళ్తా. కాజాలు బయటే తినిపించేస్తాను లెండి.