హీట్ పంప్ గీజరు: వేడినీళ్లలో కోడిగుడ్ల కంపు, బాల్కనీలో ముగ్గిన వాసన

ప్రశ్న – వైట్‌ఫీల్డ్, బెంగళూరు

200 లీటర్ల హీట్ పంప్ వాటర్ హీటర్ (గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచేది), యుటిలిటీ బాల్కనీలో ఉంది. గ్లాస్ లైనింగ్ ట్యాంకు, మెగ్నీషియం యానోడ్ (ట్యాంకు తుప్పు పట్టకుండా దాని బదులు తాను కరిగే రాడ్), గ్యాసు ఆర్134ఏ. బోరు నీళ్లు సాఫ్ట్‌నర్ దాటి వస్తాయి. కరెంటు ఆదా అవుతుందని 45 డిగ్రీలకు పెట్టాం. ఊరెళ్లి వచ్చాక వేడి కుళాయి తిప్పితే మురిగిన కోడిగుడ్ల కంపు. అది కాక, మెషీన్ నడుస్తున్నప్పుడు బాల్కనీలో తడిగుడ్డ ముగ్గిన వాసన. సర్వీసుకు వచ్చినతను గ్యాసు లీకు, నింపించుకోండి అంటున్నాడు. నిజమేనా అండీ?

జవాబు 1

గ్యాసు నింపించకండి. ఆర్134ఏకి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. లీకైతే నీళ్లు వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, జాయింట్ల దగ్గర నూనె మరక కనిపిస్తుంది. కోడిగుడ్ల కంపు మాత్రం రాదు.

ముందు ఆ కంపు నీళ్లదో, సింకు గొట్టానిదో తేల్చండి. వేడినీళ్లు ఒక గ్లాసులో, చన్నీళ్లు ఇంకో గ్లాసులో పట్టి వేరే గదికి తీసుకెళ్లి వాసన చూడండి. గ్లాసుల్లో ఏమీ లేకపోతే కంపు సింకు కింది ట్రాప్‌ది (మురుగు గాలి పైకి రాకుండా నీళ్లు నిలిచే వంపు). వేడినీళ్లు పడగానే అది పైకి లేస్తుంది. రెండు గ్లాసులూ కంపు కొడితే తప్పు బోరుదో సంపుదో, అసోసియేషన్‌తో మాట్లాడాలి. వేడినీళ్ల గ్లాసు ఒక్కటే అయితే ట్యాంకు.

మీ వివరాలు చూస్తే మూడోదే అనిపిస్తోంది. బోరు నీళ్లలో సల్ఫేటు ఉంటుంది, గాలి తగలనిచోట కొన్ని బాక్టీరియా దాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. మెగ్నీషియం కరుగుతూ వదిలే హైడ్రోజన్ వాటికి మేత. సాఫ్ట్‌నర్ నీళ్లలో యానోడ్ ఇంకా త్వరగా కరుగుతుంది. 45 డిగ్రీల నిలవ నీళ్లంటే వాటికి పండగే. నగర సరఫరా కావేరి నీళ్లు క్లోరిన్ కలిపి వస్తాయి కాబట్టి అవి వాడే ఇళ్లలో ఈ బాధ తక్కువ. తాగే నీటి ప్రమాణం ఐఎస్ 10500 సల్ఫైడ్‌కు పెట్టిన హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములే.

మొదట వేడితో ప్రయత్నించండి. బ్యాకప్ ఎలిమెంటు వేసి 65 డిగ్రీలకు తెచ్చి కొన్ని గంటలు ఉంచండి, తర్వాత ప్రతి వేడి కుళాయినీ కాసేపు వదలండి, పైపులకూ ఆ వేడి తగలాలి. పిల్లల్ని దూరంగా ఉంచండి, ఆ నీళ్లకు ఒళ్లు సెకన్లలో కాలుతుంది.

మళ్లీ కంపు వస్తే క్లోరిన్. ఎంసీబీ ఆపి, చన్నీళ్లు తోలి ట్యాంకు చల్లబరచండి. ఇన్‌లెట్ వాల్వు కట్టి, వేడి కుళాయి తిప్పి ప్రెషర్ దించి, కిందనుంచి 15 లీటర్లు వదలండి. యానోడ్ విప్పి ఆ రంధ్రంలోంచి 4 శాతం సోడియం హైపోక్లోరైట్ 250 మిల్లీలీటర్లు పోయండి. 200 లీటర్లకు అది సుమారు 50 పీపీఎం. యానోడ్ బిగించి ట్యాంకు నింపి, ప్రతి వేడి కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. రెండు మూడు గంటలాగి పూర్తిగా తోలేయండి. అంతవరకు హీటరు వేయకూడదు. బాత్రూమ్ కడిగే యాసిడ్ ఆ దరిదాపుల్లో వద్దు, రెండూ కలిస్తే విషవాయువు. స్టీలు ట్యాంకైతే కంపెనీని అడగకుండా క్లోరిన్ పోయకండి.

జవాబు 2

గాలి వాసన సంగతి వేరు. మెషీన్ చుట్టుపక్కల గాలిని లాక్కుని, చల్లబరిచి వదులుతుంది. చెత్తబుట్ట పక్కనుంటే ఆ వాసనే ఊదుతుంది. గాలిని చల్లబరిచే కాయిల్ మీద చెమ్మ చేరి, ట్రేలో జిగురు పేరుకుంటే ముగ్గిన వాసన. పవర్ ఆపి ఫిల్టరు కడగండి, కాయిల్ మీది పల్చటి రేకుల (ఫిన్ల) వెంబడి మెత్తటి బ్రష్‌తో నిలువుగా తుడవండి. అల్యూమినియం ఫిన్లకు బ్లీచింగ్, యాసిడ్ తగలనివ్వొద్దు.

డ్రెయిన్ గొట్టం నాహనీ ట్రాప్ (నేల మీది జాలీ కింది ట్రాప్) దాటి లోపలికి దూర్చారేమో చూడండి. మురుగు గాలి నేరుగా ట్రేలోకి వస్తుంది. గొట్టం కొసను ట్రాప్‌కు పైన గాల్లో వదలాలి, ట్రాప్‌లో 50 ఎంఎం నీళ్లు నిలవాలి. ఎండాకాలం ట్రాప్ ఎండిపోతుంది, ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు.

కమురు వాసనో, చేపల వాసనో వస్తే మాత్రం ఆలోచించకుండా ఎంసీబీ ఆపండి. ఎలిమెంటు టెర్మినల్ స్క్రూ వదులై ప్లాస్టిక్ కాలుతుండొచ్చు, 16 ఆంప్స్ ప్లగ్ నల్లబడి ఉండొచ్చు. వంటగ్యాసు వాసనైతే సిలిండరు చూసుకోండి. ఆర్290 మెషీన్లలో ఉండేది ప్రొపేన్, అయితే సాధారణంగా దానికి వాసన కలపరు. అందుకే వాటి లీకును ముక్కుతో పట్టలేం, డిటెక్టర్ కావాలి.

ప్రశ్న అడిగినవారు

గ్లాసు పరీక్ష చేశాం, వేడినీళ్లే. యానోడ్ తీసేసి ప్లగ్ కొట్టేస్తే పోతుందంటున్నాడు ప్లంబర్.

జవాబు 3

కంపు తగ్గొచ్చు గానీ ట్యాంకు తుప్పు పడుతుంది, వారంటీ కూడా చెల్లదు. అల్యూమినియం-జింక్ యానోడ్ వేయండి, కంపు బాగా తగ్గుతుంది (గీజరు నీళ్లు వంటకు వాడకండి). అంతకన్నా నయం కరెంటుతో పనిచేసే టైటానియం యానోడ్. అది కరగదు, కాకపోతే ఊరెళ్తూ మెయిన్ ఆపేస్తే రక్షణా ఆగిపోతుంది. దానికి వేరే లైను ఇవ్వాలి.

పాత రాడ్ తీసేముందు ట్యాంకు పైన సీలింగ్‌కు ఎంత జాగా ఉందో కొలవండి. బాల్కనీల్లో తరచుగా చాలదు, అప్పుడు ముక్కలుగా మడిచే రాడ్ తెప్పించుకోవాలి. బిగించాక రాడ్ తలకూ ట్యాంకు లోహానికీ మధ్య మల్టీమీటరుతో కంటిన్యుటీ (కరెంటు దారి కలిసే ఉందా అని) చూడండి. టెఫ్లాన్ టేపు మరీ మందంగా చుడితే అది తెగుతుంది, రాడ్ ఉన్నా లేనట్టే. టైటానియం రాడ్‌కు మాత్రం ఇది వర్తించదు, దాన్ని ట్యాంకుకు తగలకుండానే బిగిస్తారు.