కాలువ మీద రాతి వంతెన: వయసు ఎలా తెలుస్తుంది? సిమెంటు పూయవచ్చా?

కాలువగట్టు:

మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. ఊరికీ పొలాలకూ మధ్య కాలువ మీద మూడు ఖానాల (కింద నీళ్ళు పోయే మూడు కమానుల) రాతి వంతెన ఉంది. ఒకప్పుడు ఎడ్లబండ్లు వెళ్ళిన దారి. ఇప్పుడు దాని మీద నుంచి వరికోత మిషన్లు, ట్రాక్టర్లు పోతున్నాయి. ఎక్కడా శిలాఫలకం లేదు. మా అవ్వ కాపురానికి వచ్చినప్పటికే అది పాత వంతెనట.

పోయిన నెల ఊళ్ళో మాట్లాడుకున్నారు, రాళ్ళ మధ్య సున్నం రాలిపోతోంది కాబట్టి మొత్తం సిమెంటు పూసేద్దామని. చందా కూడా మొదలైంది. మంచి ఉద్దేశంతోనే చేస్తున్నారు గానీ నాకు టెన్షన్‌గా ఉంది. సిమెంటు లేకుండా ఇన్నేళ్ళు నిలబడ్డ దానికి ఇప్పుడు సిమెంటు అవసరమా? దీని వయసు తెలుసుకోవడానికి ఏమైనా దారి ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:

అమ్మా, నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మా తాత సున్నం గానుగ తోలినవాడు. అందుకే ఈ విషయం కనబడితే చదవకుండా దాటలేను.

ముందు సిమెంటు పని ఆపించు. మిగతాది తర్వాత.

ఎందుకో చెబుతాను. ఆ వంతెనలో వాడింది గానుగ సున్నం. నేల మీద గుండ్రంగా రాతి తొట్టి కట్టి, అందులో బరువైన రాతి చక్రం పెట్టి, ఎద్దులతో తిప్పేవాళ్ళు. నానబెట్టిన సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి గంటల తరబడి నూరితే వెన్నలా వచ్చేది. కొన్నిచోట్ల కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కూడా కలిపేవాళ్ళు. మన తీరం వైపు సున్నపురాయి బదులు నీళ్ళలో దొరికే నత్తగుల్ల కాల్చేవాళ్ళు. పులికాట్ సరస్సు వైపు ఆ గుల్ల దండిగా దొరికేది. నీ వంతెన సందుల్లో సున్నం చిన్న పెళ్ళ తీసి చూడు. తెల్లటి గుల్ల ముక్కలు కనబడితే సున్నం ఎటు నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

ఈ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది. అయినా రాయి కంటే మెత్తగానే ఉంటుంది. అదే దాని గుణం. బండి పోయినప్పుడు, ఎండకు వానకు రాయి కాస్త కదిలితే సున్నం సర్దుకుంటుంది. లోపలికి చేరిన తేమ ఆ సందుల్లోంచే బయటికి ఆరిపోతుంది. పైన సిమెంటు పూశామా, ఆ దారి మూసుకుపోతుంది. తేమ లోపలే నిలిచి, లోపలి సున్నం మెత్తబడి జారిపోతుంది. పైకి నున్నగా కనబడుతుంది, లోపల డొల్ల. నా సర్వీసులో అలా పూసిన ఒక చిన్న తూము నాలుగో వానాకాలానికే పొట్ట ఉబ్బింది. ఆ రోజు పక్కన నిలబడి చూసి చాలా బాధపడ్డాను, ఎందుకంటే పూసిన కూలీల్లో నేను పెట్టినవాళ్ళూ ఉన్నారు.

ఇక అది నిలబడటం సంగతి. నిజానికి సున్నం వంతెనను నిలబెట్టదు. బరువే నిలబెడుతుంది. రాయిని ఎంత నొక్కినా తట్టుకుంటుంది, లాగితే మాత్రం విరిగిపోతుంది. కమాను కట్టేటప్పుడు ముందు కొయ్యతో సెంట్రింగు వేస్తారు. దాని మీద రెండు వైపుల నుంచీ ఒకేసారి రాళ్ళు పేర్చుకుంటూ వస్తారు. ప్రతి రాయీ పైన వెడల్పు, కింద సన్నం. చివరికి నడిమి రాయి దిగ్గొడతారు. సున్నం ఆరాక సెంట్రింగు చీలలు కొద్దికొద్దిగా వదులు చేస్తే కమాను కాస్త దిగి, రాయి రాయిని పట్టుకుని కూర్చుంటుంది. ఇక పైన మట్టి, గులకరాళ్ళు పోసి దారి వేస్తారు. ఆ మట్టి బరువు కూడా కమానును ఇంకా బిగిస్తుంది. బరువంతా పక్కలకు తోసుకుంటూ గట్టు గోడల్లోకి, స్తంభాల్లోకి, అక్కడి నుంచి పునాదిలోకి పోతుంది.

అందుకే పైన చూడకు, కింద చూడు. నీళ్ళు వంతెనను పైనుంచి కొట్టి పడగొట్టడం అరుదు, పాదం దగ్గర తవ్వి పడగొడతాయి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట ఎలా కొట్టుకుపోయిందో మనందరం చూశాం కదా.

వయసు సంగతికి వస్తే, ముందు కాలువ ఎప్పటిదో కనుక్కో. పెన్న మీద సంగం ఆనకట్ట కట్టింది 1882–86 మధ్య. దాంతో పాటు తవ్విన కాలువ అయితే వంతెన అంతకుముందుది కాదు, కాలువ లేకుండా వంతెన ఎవరూ కట్టరు గదా. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది, కానీ దాని కాలువలు కుడిగట్టున ఉన్నాయి, మీవైపు కాదు. ఒకవేళ అది పాత చెరువు వాగునే కాలువగా మార్చిన తావైతే లెక్క మారుతుంది. కాలువకు నీళ్ళు ఆపేసిన రోజుల్లో దిగి చూసి చెప్పు.

గిద్దలూరోడు:

సార్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. రాళ్ళ అంచుల్లో వరసగా చిన్న చిన్న సగం గుంతలు కనబడతాయేమో చూడండి. పెద్ద బండను చీల్చడానికి ఉలితో వరసగా గుంతలు కొట్టి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టేవాళ్ళు. బండ రెండుగా విడిపోతే గుంత సగం ఇటు, సగం అటు మిగులుతుంది. మావైపు నల్లమలలో దొరబావి దగ్గర మీటర్ గేజ్ రైలు వంతెన ఉండేది. లైను మారాక రైళ్ళు ఆగిపోయాయి, రాతి స్తంభాలు మాత్రం అడవిలో నిలబడే ఉన్నాయి. మనిషి చేత్తో చెక్కిన రాయిని అంత ఎత్తున చూస్తే మాట రాదు.

కాలువగట్టు:

ఈ ఆదివారం దిగాను. కాలువలో మోకాలి లోతు బురద ఉంది, మా తమ్ముడు టార్చి పట్టుకున్నాడు.

సార్, గుల్ల ముక్కలు ఉన్నాయి! గోరంత పెళ్ళ తీసి అరచేతిలో నలిపితే ఎర్రటి ఇటుకపొడి, ఇసుక, వాటి మధ్య గీతలు గీతలుగా ఉన్న తెల్లటి గుల్ల ముక్క. అది ఇంటికి తెచ్చుకున్నాను. నడిమి ఖానా కింద రాళ్ళకు చీల గుంతలు కూడా కనబడ్డాయి, ఒక రాయికి ఏడు లెక్కపెట్టాను. స్తంభాలకు నీళ్ళు వచ్చే వైపు పడవ మూతిలా మొన తేలి ఉంది.

కానీ రెండు విషయాలు భయపెట్టాయి. పడమటి గోడలో రావి మొక్క ఒకటి ఉంది, వేరు బొటనవేలంత లావై రెండు రాళ్ళ మధ్యలోకి దూరింది. రెండో స్తంభం పాదం దగ్గర చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి పోయింది. లోపల మట్టి లేదు, ఖాళీ.

పాత వర్క్ ఇన్‌స్పెక్టర్:

అమ్మా, నువ్వు చేసిన పని మామూలుది కాదు. ఆ మోచేతి లోతు ఖాళీయే అసలు ప్రమాదం. ఎడగారుకు (రెండో పంటకు) నీళ్ళు వదలక ముందే నీటిపారుదల సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వు, ఫోటోలు జతచెయ్యి. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అయితే ఇంకా మంచిది. పాదం చుట్టూ పెద్ద బండరాళ్ళు పేర్చి, ఖాళీ నింపాలి. ఊళ్ళో పోగైన చందా డబ్బు సిమెంటుకు కాదు, ఆ రాళ్ళకు పెట్టమని చెప్పు.

రావి మొక్కను మాత్రం పట్టి పీకవద్దు, వేరుతో పాటు రాయి కూడా వస్తుంది. గోడ దగ్గరికి కోసి, చిగురు వచ్చినప్పుడల్లా మళ్ళీ కొయ్యాలి. రాలిన సందులను సున్నంతోనే నింపాలి. గానుగలు ఇప్పుడు అరుదు, కానీ పాత గుళ్ళు బాగుచేసే మేస్త్రీలు ఆ పాళ్ళు ఇంకా కలుపుతారు.

అప్పటిదాకా నిండు లోడు ట్రాక్టర్లను ఆ వంతెన ఎక్కనివ్వకండి.

కాలువగట్టు:

అర్జీ రాశాను సార్. రేపు పొద్దున ఇస్తాను. ట్రాక్టర్ల మాట మా నాన్న ఈ రాత్రికే ఊళ్ళో చెబుతానన్నారు.